ఉడకబెట్టిన గింజలు

మపూతో సదస్సులో చదవాల్సినవి పదకొండు పేజీలు.
మూడో పేజీలో ఆ మాట రాశాను:
వలసరాజ్యం.
ఒక్క కంపెనీ గుప్పిట్లో కోట్లమంది
కబుర్లూ ఫోటోలూ పెళ్ళిళ్ళూ తగాదాలూ;
సర్వర్లు ఎక్కడో, లాభం ఇంకెక్కడో,
మనం కంచె లేని పొలాలం.
రాసి, నాలో నేనే మురిసిపోయి,
అంగోషె వెళ్ళే బస్సులో ఇంకో రెండు వాక్యాలు చేర్చాను.

అమ్మమ్మ మువనాషా
జీడిగింజలు కాలుస్తూ విన్నది.
పోర్చుగీసులో రాసింది మకువాలోకి మార్చి చెబుతుంటే
నా వాక్యాలు బక్కచిక్కిపోయాయి.
సర్వరుకి మాట దొరక్క గోదాము అన్నాను.
ఆమె తలెత్తింది.

"గోదాము నాకు తెలుసు."

ఆ తర్వాత నన్ను దూది ఏకినట్టు ఏకింది.

"మీ కంపెనీవాడు మనిషిని పంపుతాడా
పొద్దు పొడవకముందే, చేలో ఉన్నావో లేదో చూడ్డానికి?"
పంపడు. ఫోనే పిలుస్తుంది.
"పోకపోతే?"
ఏమీ కాదు.
"ఏమీ కాదా!"
ఆమె నవ్వుతుంటే నిప్పులో ఓ గింజ చిట్లింది.

తాతమ్మ అరచేతుల సంగతి అప్పుడు చెప్పింది.
చిల్లులున్న చెక్క.
దెబ్బ దెబ్బకీ చిల్లుల్లోంచి మాంసం పైకుబికేదట.
రెండు మూటల పత్తి తక్కువైతే పన్నెండు దెబ్బలు.
వారం పాటు పదేళ్ళ కూతురు ముద్ద చేసి నోట్లో పెడితే తిన్నది,
అదీ అడవి దుంపే.
కర్రపెండలానికి జానెడు నేల మిగిలితే కదా.
"ఈ దెబ్బ
నీ కాగితంలో ఎక్కడుంది?"

లేదు.
చెయ్యి లేకుండా, చెక్క లేకుండా
ఆ మాటని
ఉతికి ఆరేసిన గుడ్డలా అరువు తెచ్చుకున్నాను.

అయినా నోరు ఊరుకోదుగా.
సయిదె గురించి చెప్పాను, పెద్దమ్మ కొడుకు,
ఎండుచేపలు ఫోన్లో అమ్ముకునేవాడు.
ఆరేళ్ళ గిరాకీ. నాలుగువేల పేర్లు.
ఓ మంగళవారం తలుపు మూసుకుపోయింది.
ఎందుకని అడగడానికి మనిషి లేడు,
ఎన్నిసార్లు రాసినా అదే జవాబు, అదే చల్లటి మర్యాద.
కొట్టు ఇంకోచోట పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపరు,
కొనేవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు.

అమ్మమ్మ చేతిలో పుల్ల ఆగింది.
"విత్తనాలు ఊరికే ఇచ్చారా?"
ఊరికే ఇచ్చారు.
"తూకం?"
వాళ్ళదే.
"తక్కెట్లో రాయి చూశావా నువ్వు?"
ఎవరూ చూడలేదు.

చాలాసేపు మాటల్లేవు.
సముద్రం మీది గాలి
పొగని ఇద్దరి కళ్ళలోకీ సమానంగా పంచింది.

"మా అమ్మ గింజల్ని ఉడకబెట్టేది," అంది చివరికి.
రాత్రిపూట, తలుపేసుకుని, వంటకుండలోనే.
తెల్లారాక కావలివాడు చూస్తుండగా
సాలు వెంట సాలు, వంగి, ఎంతో బుద్ధిగా నాటేది.
నెల తిరిగినా మొలక లేదు.
ఈ నేలకి పత్తి పడదు దొరా, అని
చేతులు కట్టుకుని చెప్పేది.
ఆ ఏడు పెండలం తిన్నాం.

"తక్కెడ దాకా నీ పోలిక నడిచింది.
చెక్క దగ్గర కూలబడింది.
కూలబడిందనీ రాయి, సిగ్గేముంది.
కానీ, మనవరాలా,
మీ గింజలు ఉడకబెట్టే కుండ
ఎవరింట్లో ఉంది?"

రాత్రి మూడో పేజీ మళ్ళీ తెరిచాను.
ఆ మాట కొట్టెయ్యలేదు.
పక్కన మార్జిన్లో, పెన్సిల్‌తో, చిల్లులు అని రాసుకున్నాను.
పన్నెండో పేజీ తీసి ముందు పెట్టుకున్నాను, ఖాళీది.
ఫోన్ వెలిగింది.
షరతులు మారాయి, అంగీకరిస్తున్నారా?

లోపలి గదిలోంచి అమ్మమ్మ:
"ఎవరే అది, ఈ వేళప్పుడు?"